జీపు కిందికి దూరకుండా కమానుల మోత మాన్పించే మార్గాలు

మీ పాత జీపు వెనక కమాను కట్టలు కిర్రుమంటున్నాయా? స్పీడు బ్రేకరు ఎక్కితే కీచుమని, దిగితే టక్కుమని అంటున్నాయా? రాత్రి పొద్దుపోయి ఇంటికొస్తుంటే, మీరింకా సందు మలుపులో ఉండగానే ఇంటావిడ లేచి లైటు వేస్తోందా? దిగులుపడకండి. ఇరవై రెండేళ్లు ఈపురుపాలెంలో పాత మహీంద్రా జీపు నడిపిన మనిషిని నేను. ఎంఎం 540. ఈ ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా బండి కిందికి దూరలేదు, చేతికి గ్రీజు అంటలేదు, చొక్కా మాయలేదు. అయినా ఇవాళ మా బండి కమానులు నోరెత్తవు. ఆ విద్య పదిమందికీ దక్కాలని రాస్తున్నాను. ఒక్క చిట్కా కూడా దాచుకోలేదు.

ముందు మోత ఎక్కడ పుడుతుందో తెలుసుకోండి. ఎక్కడ చెయ్యి పెట్టకూడదో తెలియాలంటే అది తెలియాలి. కమాను కట్ట అంటే ఉక్కు పట్టీల దొంతర. అన్నిటికన్నా పైన పొడుగు పట్టీ, దాని రెండు కొసలా చుట్టలు. దాని కింద ఒకదానికన్నా ఒకటి పొట్టి పట్టీలు. వాటన్నిటినీ నడిమధ్యన సెంటర్ బోల్టు కలిపి ఉంచుతుంది, ఆ కట్టని యూ బోల్టులు ఇరుసుకి బిగించి పట్టుకుంటాయి. ఒక చుట్ట ఛాసిస్‌కి పిన్నుతో ఉంటుంది, రెండోది షాకిల్‌కి వేలాడుతుంది. గతుకులో పడ్డప్పుడు కమాను వంపు తగ్గి పొడుగవుతుంది గనక ఆ కొస ఊగాలి. బండి ఎగిరినప్పుడల్లా పట్టీ మీద పట్టీ జారుతుంది. నడుమ గ్రీజు ఉంటే చప్పుడు చెయ్యకుండా జారతాయి. గ్రీజు ఎండి తుప్పు పడితే కిర్రు. చుట్టల్లో బుష్షులు అరిగితే టకటక. మన పక్కనున్న వాడరేవు సముద్రపు గాలిలో ఉప్పుంది, మన దారుల్లో ఇసకుంది. ఉప్పు తుప్పు పట్టిస్తుంది, ఇసక ఆ తుప్పుని నూరుతుంది. ఇందులో మన తప్పేమీ లేదు.

కొంతమంది ఏం చేస్తారంటే, జాకీ ఎత్తి ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి, ఇరుసుని వేరే జాకీ మీద నిలబెట్టి, కమాను దించి, పట్టీలు విడదీసి, ఒక్కొక్కదాన్నీ తీగ బ్రష్షుతో రుద్ది, గ్రాఫైట్ గ్రీజు పూసి, బుష్షులు కొత్తవి వేసి, కొత్త యూ బోల్టులతో ఎక్కిస్తారు. రబ్బరు బుష్షులైతే చక్రాలు నేల మీద ఆనాకగాని పిన్నులు పూర్తిగా బిగించరు, వేలాడేటప్పుడే బిగిస్తే రబ్బరు మెలిపడి చిరుగుతుందట. ఇదంతా ఒక రోజు పని. ఒక రోజులో మనం రెండు పూటలు నిద్రపోవచ్చు. కాబట్టి ఆ పద్ధతి వదిలేసి కింది మార్గాలు పట్టండి.

1. చప్పుడుని చప్పుడుతో కొట్టండి. వెనక సీటు కింద, సరిగ్గా మోత పుట్టే చోట, పెద్ద స్పీకరు బిగించండి. నిదానమైన పాటలు పనికిరావు, చరణానికీ చరణానికీ నడుమ కమాను దూరుతుంది. డప్పులున్న పాటలు పెట్టండి. చెవి ఒప్పుకోకపోతే దూది పెట్టుకోండి. దూదితో రెండు లాభాలు. వెనక లారీవాడి హారన్ కూడా వినపడదు, ప్రయాణం ప్రశాంతంగా సాగుతుంది.

2. వాయిదా వెయ్యడానికి కారణం ఎప్పుడూ జేబులో ఉంచుకోండి. కొత్తగా పుట్టించక్కర్లేదు, మన పెద్దలు వారం పొడుగునా ఏర్పాటు చేసిపెట్టారు. శనివారం ఇనుము కొనకూడదు. మంగళవారం కొత్త పని మొదలెట్టకూడదు. శుక్రవారం ఇంట్లోంచి డబ్బు బయటికి పోకూడదు. ఆదివారం షెడ్డు మూత. సోమవారం షెడ్డులో రద్దీ. మిగిలిన బుధ, గురువారాల్లో వర్జ్యం, దుర్ముహూర్తం తీసేస్తే కమాను విప్పే ఘడియ ఏ వారమూ రాదు. ఆపైన ఆషాఢం ఉంది, మూఢం ఉంది. పంచాంగం జీపులోనే పెట్టుకోండి, పానాలు ఉండాల్సిన పెట్టెలో.

పంచాంగం వినని వాళ్లు అడిగితే, సామాను విజయవాడ ఆటోనగర్ నుంచి రావాలని చెప్పండి. ఆ మాటకి తిరుగులేదు. ఆటోనగర్ పేరు వింటే ఎవరైనా తలూపుతారు. అక్కడికి మనం పోలేదనీ, ఎవరినీ పంపలేదనీ చెప్పక్కర్లేదు. ఇంకా పట్టుబడితే జిల్లా సంగతి ఎత్తండి. మన ఊరు 1970 దాకా గుంటూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లా. "కాగితాల్లో పాత జిల్లా ఉంది, అది మారనియ్యండి, అప్పుడు కమానులు చూద్దాం" అనండి. కాగితానికీ కమానుకీ సంబంధమేంటని ఇంతవరకు నన్నెవరూ అడగలేదు.

3. మూడు షెడ్లు తిరగండి, ఏ షెడ్డులోనూ పని చేయించకండి. రోగం చెప్పడానికి డబ్బు తీసుకోరు, పైగా టీ ఇప్పిస్తారు. చీరాల రోడ్డులో ఒక షెడ్డుకి ఇలాగే పోయాను. పనికుర్రాడు బండి కిందికి దూరి, షాకిల్ సందులో రాడ్డు పెట్టి ఎత్తాడు. బుష్షులో పిన్ను బియ్యపు గింజ మందాన ఆడింది. ఎత్తినప్పుడల్లా ఎర్రటి తుప్పు పొడి, కుంకుమ రాలినట్టు, వాడి కనుబొమల మీద రాలింది. మేస్త్రి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"బాబాయ్, పిన్నులూ బుష్షులూ పోయినయ్. పట్టీల మధ్య చుక్క గ్రీజు లేదు. కమాన్లు దించాల. ఒక్క రోజు బండి వదులు."

"ఒక్క రోజు పనే గదరా అబ్బాయ్, తొందరేముంది? వచ్చే నెల చూద్దాం."

"వచ్చే నెలకి మెయిన్ పట్టీ కూడా పోద్ది బాబాయ్."

"పోనీలే. అప్పుడు రెండూ కలిపి చేద్దువు. కూలి ఒకసారే అవుద్ది."

ఈ చివరి మాట బాగా గుర్తుపెట్టుకోండి. చిన్న రిపేరుని పెద్ద రిపేరు దాకా ఆపి ఉంచితే చిన్న రిపేరు డబ్బులు మిగిలినట్టే. మేస్త్రి దీనికి జవాబు చెప్పలేక టీ తెప్పించాడు.

4. కాలిన ఇంజనాయిల్ పొయ్యండి. షెడ్డు నుంచి వచ్చేటప్పుడు అక్కడి డబ్బాలో పారబోసే నల్ల ఆయిల్ ఒక లీటరు అడిగి తెచ్చుకోండి. వంగనక్కర్లేదు, నిలబడే పొయ్యండి. పట్టీల మీద, బుష్షుల మీద, బ్రేకు డ్రమ్ముల మీద, ఎక్కడ పడితే అక్కడ పడనివ్వండి. ఆయిల్ పడితే రబ్బరు ఉబ్బుతుంది. ఉబ్బిన బుష్షు పిన్నుని గట్టిగా పట్టుకుంటుంది, కొత్త బుష్షు ఖర్చు తప్పింది. కొన్నాళ్లకి మెత్తబడి ముక్కలుముక్కలుగా రాలుతుంది. అప్పుడు ఇనుముకి ఇనుము ఆనుతుంది, ఇక నడుమ అరిగేందుకు ఏమీ ఉండదు.

ఆయిల్ పోసిన రోజే వాడరేవు పోండి. దగ్గరి దారే, చివర్లో కావలసినంత ఇసక. తడి ఆయిల్‌కి ఇసక ఎలా పట్టుకుంటుందో చూడండి, బూరెకి నువ్వులు పట్టినట్టు. పట్టీల మధ్య ఉన్న సందులన్నీ పూడుకుపోతాయి. సందు లేనిచోట కదలిక ఉండదు. ఒక వారం పాటు చప్పుడు మారుతుంది కూడా, కిర్రు పోయి తిరగలి తిప్పినట్టు మెత్తటి గరగర వస్తుంది. వినడానికి హాయిగా ఉంటుంది.

5. కందెన గురించి పెద్దవాళ్లు చెప్తే వినండి, చెయ్యకండి. ఎడ్లబండికి మన తాతలు ఆముదంలో గడ్డి మసి కలిపి కందెన చేసి, వెదురు గొట్టంలో పోసి బండికింద వేలాడదీసేవాళ్లు. అప్పుడప్పుడు చక్రం లాగి ఇరుసుకి పూసేవాళ్లు. ఎందుకంటే వాళ్లకి వేరే పని లేదు. రబ్బరు బుష్షులు కాని జీపుల్లో పిన్నులకి గ్రీజు నిపుళ్లు ఉంటాయి, గ్రీజు గన్ను పెట్టి నాలుగు పోట్లు పొడిస్తే పాత మురికి బయటికొచ్చి కొత్త గ్రీజు లోపలికి పోతుంది. ఆ నిపుళ్ల మీద మట్టి పెళ్లలు కట్టి ఉంటాయి. కదిలించకండి. మట్టి పెళ్ల నిపుల్‌కి మూత లాంటిది. గ్రీజు పూశారని నలుగురికీ కనిపించాలంటే వెనక బంపరుకి కొంచెం పూయండి.

6. బరువు వేసి నోరు మూయించండి. ఇది నేను సొంతంగా కనిపెట్టింది, అందరికన్నా ముందు నాకే పనిచేసింది. కమాను కదిలితే గదా కిర్రుమనేది? కదలనివ్వకండి. ఖాళీ సిమెంటు సంచులు ఆరు తెచ్చి, ఇసక నింపి, వెనక సీట్ల నడుమ పేర్చండి. సంచి 50 కిలోలు వేసుకున్నా 300 కిలోలు. మొదటి రోజే సగం చప్పుడు తగ్గుతుంది. సంచులు ఇక దించకండి. పెళ్లికి పోయినా, ఆసుపత్రికి పోయినా అవి ఉండాల్సిందే. ఒక ఆరు నెలలకి కమాను వంపు పోయి గీత గీసినట్టు తిన్నగా అవుతుంది. ఏడాదికి వంపు తిరగబడుతుంది. అప్పుడు ఇరుసు పోయి పైనున్న రబ్బరు దిమ్మకి ఆనుకుంటుంది. ఇక కమానుకి పనే లేదు, విశ్రాంతి.

కొందరు నడుము నొప్పి అంటారు. నడుము నొప్పి ఉన్నవాడిని ఎవరూ బండి కిందికి దూరమని అడగరు, అది గ్రహించాలి. ఇంకో సౌకర్యం, వెనక కుంగితే ముందు లేస్తుంది. హెడ్‌లైట్లు కొబ్బరి మొవ్వుల్లోకి కొడతాయి. ఎదురొచ్చే లారీవాడు కళ్లు చికిలించుకుని పక్కకి తప్పుకుంటాడు. దారి మనదే.

7. పట్టీలని కట్టిపడేయండి. పట్టీలు పక్కలకి విచ్చుకోకుండా కట్టకి క్లిప్పులుంటాయి. అవి ఊడిపోతే కొత్తవి వెయ్యకండి. వాడరేవులో పాత వలతాడు అడిగితే ఊరికే ఇస్తారు. సైకిల్ ట్యూబు చీల్చి పట్టీల సందుల్లో దోపి, పైన వలతాడు ఏడు చుట్లు చుట్టి, ముడి మీద ముడి వెయ్యండి. పనికుర్రాడు ఎప్పుడైనా విప్పబోతే విప్పలేడు. అదే కావాలి మనకి.

8. యూ బోల్టుల జోలికి పోకండి. వెనక కమానులకి పక్కకి రెండు, మొత్తం నాలుగు యూ బోల్టులు, ఎనిమిది నట్లు. కొత్తగా బిగించాక కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి మళ్లీ బిగించాలని మేస్త్రులు అంటారు, పట్టీలు సర్దుకుని నట్లు వదులవుతాయట. వదులైతే కావనివ్వండి. మన ఊళ్లో తుప్పే లాక్ నట్టు. ఒక వాన పడితే పానా కూడా తిరగదు. యూ బోల్టు వదులై కమాను ఇరుసు మీద ముందుకీ వెనక్కీ ఆడుతుంటే భారమంతా సెంటర్ బోల్టు మీద పడుతుంది. పెన్సిల్ అంత బోల్టు, దానికీ కాస్త పని ఉండాలి.

9. ఎక్కినవాళ్లని లొంగదియ్యండి. అందరికన్నా బరువైన మనిషిని మోత వచ్చే పక్కనే కూర్చోబెట్టండి. కిర్రుమనగానే వెనక్కి తిరిగి ఆయన వైపు ఒక చూపు చూడండి, మాట అక్కర్లేదు. ఆయనే "నేను దిగి నడుస్తాలే" అంటాడు. కుర్రాళ్లు నవ్వితే చరిత్ర చెప్పండి. ఇలాంటి జీపులు 1941 నుంచి రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగాయి. మన దేశంలో మహీంద్రా వాళ్లు బొంబాయిలో విల్లీస్ జీపులు కూర్చడం మొదలుపెట్టింది 1940ల ఆఖర్లో. అప్పుడూ ఈ కమాను కట్టలే. బాంబులు పడుతుంటే ఏ సిపాయైనా కమాను కిర్రుమంటోందని ఫిర్యాదు చేశాడా? ఇలా చెప్పేసరికి వాళ్ల ఊరొచ్చేస్తుంది.

10. తనిఖీకి పోయే రోజు నీళ్లు పొయ్యండి. సొంత బండికి 15 ఏళ్లు నిండాక ప్రతి 5 ఏళ్లకీ రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, బండి చూపించాలి. ఆ పొద్దున్నే నాలుగు బకెట్ల నీళ్లు కమానుల మీద గుమ్మరించండి. తడిసిన పట్టీలు కాసేపు కిర్రుమనవు. మంచినీళ్లు వృథా చెయ్యకండి, మన స్ట్రెయిట్ కట్ కాలువ ఉండనే ఉంది. సముద్రం పోటు మీదున్నప్పుడు తోడితే కాస్త ఉప్పగా ఉంటాయి, ఉప్పునీళ్లు పట్టీల సందుల్లో చాలా రోజులు పనిచేస్తాయి. ఆరాక మోత రెట్టింపవుతుంది గాని, అప్పటికి మీరు ఇంటికి చేరి ఉంటారు.

ఇసక సంచులు మాత్రం ఆ ఒక్క పూట దించండి. అందుకు బావమరిదిని పిలవండి.

11. బండి బావమరిదికి అమ్మజూపండి. సంచులు దించడానికి వచ్చినప్పుడే మాట కదపాలి, అప్పుడు బండి తేలిగ్గా, ఎత్తుగా, తడిగా ఉంటుంది. పాలెం లోపలి దారుల్లో తిప్పకండి. నేరుగా 216 జాతీయ రహదారి ఎక్కించండి. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా పోయే రోడ్డు మన ఊరి మీదుగానే పోతుంది, మనకి కావలసింది అందులో ఒక నున్నటి ముక్క. నేను ఇలాగే చేశాను. "బావా, ఏం చప్పుడు లేదే!" అన్నాడు. "నువ్వు నా మాట ఎప్పుడు నమ్మావు గనక" అన్నాను. అక్కడికక్కడే బయానా ఇచ్చాడు. నాలుగో రోజు రాత్రి బండి తెచ్చి మా వాకిట్లో వదిలి, తాళం చెవి అరుగు మీద పెట్టి, పలకరించకుండా పోయాడు. బయానా అడగలేదు. బండీ మనకే మిగిలింది, బయానా మనకే మిగిలింది. అప్పటినుంచి పండగలకి కూడా రావడం లేదు, బట్టలు పెట్టే ఖర్చూ తగ్గింది. ఇంటావిడ నాతో మాట్లాడ్డం తగ్గించింది. ఇంట్లో కూడా చప్పుడు తగ్గింది.

12. ఉన్నట్టుండి బండి పక్కకి నడిస్తే భయపడకండి. ఇది ఆఖరి మెట్టు. ఒకరోజు ఏదో ఠక్కుమంటుంది. సెంటర్ బోల్టు తెగినట్టు. ఇక ఇరుసు ఒక పక్క వెనక్కి జరుగుతుంది, ముందు చక్రాల బాటలో వెనక చక్రాలు రావు. బండి ఎండ్రకాయలాగా ఓరగా నడుస్తుంది. స్టీరింగు కాస్త ఎడమకి పట్టుకుంటే తిన్నగా పోతుంది, రెండు రోజుల్లో చెయ్యి అలవాటు పడుతుంది. టైర్లు ఒక పక్కే అరుగుతాయి, రెండో పక్క కొత్తగా ఉంటుంది. దీని గురించి షెడ్డులో చెప్పకండి, ఈసారి టీ ఇవ్వరు.

ఇక్కడి నుంచి మీరు చెయ్యాల్సిందేమీ లేదు. నాకు అది స్ట్రెయిట్ కట్ వంతెన మీద పూర్తయింది. పొద్దున ఎనిమిదిన్నర, బడి ఆటోలు, చేపల బళ్లు, నా వెనక ఒక బస్సు. వంతెన మొదట్లో చిన్న గతుకు. మెయిన్ పట్టీ ముందు చుట్ట దగ్గర విరిగింది. ఇరుసు ఒక పక్కన వెనక్కి పోయింది, చక్రం మడ్‌గార్డుకి కరుచుకుంది, బండి వంతెనకి అడ్డంగా తిరిగి ఆగింది. ఆరు ఇసక సంచుల్లో రెండు చిట్లి ఇసక రోడ్డు మీదికి జలజలా కారింది. అందరూ హారన్లు కొట్టారు. నేను దిగలేదు. చెవుల్లో దూది తీసి, స్పీకరు ఆపి, జాగ్రత్తగా విన్నాను. అన్ని హారన్ల మధ్యలో కూడా కమానుల వైపు నుంచి ఒక్క చప్పుడు లేదు. ఇరవై రెండేళ్ల తర్వాత మొదటిసారి.

ట్రాక్టరువాడు గొలుసు వేసి ఇంటిదాకా లాక్కొచ్చాడు. అతని కూలి, రెండు టైర్లు, ఇరుసు, విరిగిన కమాను, ఊడిన ప్రొపెల్లర్ షాఫ్టు లెక్క వేసి చూపించారు గాని, అవి చేయిస్తేనే గదా ఖర్చు. చేయించలేదు. పిన్నులు, బుష్షుల డబ్బులు కూడా ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి.

మీరు ఈ పన్నెండూ వరసగా పాటించండి, మధ్యలో ఎవరో చెప్పారని గ్రీజు గన్ను పట్టుకోకండి. అనుమానముంటే మా ఇంటికొచ్చి చూసుకోండి. బండి వాకిట్లో వేపచెట్టు కింద ఉంది, వెనక సీటు మీద కోడి పొదిగింది. మూడేళ్లయింది. ఇంతవరకు కిర్రుమనలేదు.